నాన్న దిగిన సైకిల్, కూతురు ఎక్కిన సైకిల్

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. మాది కోనసీమలో ఒక పల్లెటూరు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కొండాపూర్‌లో హాస్టల్. ఏడాదిన్నర క్రితం ఆఫీసు స్నేహితురాలి వెంట సరదాగా వెళ్లి రోడ్ బైక్, అంటే రేసు సైకిల్ ఎక్కాను. ఇప్పుడు వారానికి నాలుగు రోజులు తెల్లవారుజామునే తొక్కుతున్నాను. మొన్న మా గ్రూపువాళ్లు పెట్టుకున్న 20 కిలోమీటర్ల టైమ్ ట్రయల్‌లో (ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే రేసు) ఆడవాళ్లలో రెండోదాన్ని వచ్చాను. ఏడుగురిలో లెండి. రేసుల్లో పోటీపడాలని ఉంది. ఉద్యోగం మానేసి ఒక ఏడాది పూర్తిగా దీనికే ఇవ్వాలనిపిస్తోంది. మా నాన్న పోస్ట్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యారు. ముప్పై ఏళ్లు సైకిల్ తొక్కి మోకాళ్లు అరగదీసుకున్నారు. ఈ మాట చెప్పగానే "నువ్వు సైకిల్ తొక్కకూడదనేగా చదివించింది" అని ఫోన్ పెట్టేశారు. అప్పటి నుంచి ముభావంగా ఉంటున్నారు. ఎండకు నల్లబడితే సంబంధాలు రావని అమ్మ బెంగ. బైక్ 14 వేలని ఇంట్లో చెప్పాను. నిజానికి 92 వేలు, ఇంకా ఆరు ఈఎంఐలు ఉన్నాయి. నేను ఆలస్యం చేశానా? నాన్నను ఎలా ఒప్పించాలి?

జవాబు: రెండోదాన్ని వచ్చానని రాసి ఊరుకోకుండా "ఏడుగురిలో లెండి" అన్నారు చూడండి, అక్కడే మీ మీద నాకు నమ్మకం కుదిరింది. అంత నిజాయితీ ఉన్న మనిషి బైక్ ధర దగ్గరికి వచ్చేసరికి 78 వేలు మింగేశారు. మీ ఉత్తరంలో సైకిల్ కంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది అదే. దాని సంగతికి మళ్లీ వస్తాను.

ముందు మీ నాన్నగారు. మన ఊళ్లలో ఒక ఇల్లు పైకి వచ్చిందా లేదా అన్నది వాకిట్లో ఏ బండి ఉందో చూసి చెప్పేవారు. సైకిల్, తర్వాత మోపెడ్, తర్వాత మోటార్ సైకిల్. దిగేసిన మెట్టు మళ్లీ ఎవరూ ఎక్కరు. భుజాన సంచీతో వర్షంలో, వడగాలిలో కాలవ గట్ల వెంట మనియార్డర్లు పంచిన మనిషికి సైకిల్ ఆట వస్తువు ఎలా అవుతుంది? "నేను రేసుకు వెళ్తాను" అని మీరన్నారు. "నువ్వు పడ్డ కష్టం వృథా" అని ఆయనకు వినిపించింది. ఇక్కడ వాదనతో గెలిచేది ఏమీ లేదు. ఫ్రాన్సులో జరిగే రేసుల వీడియోలు పంపి "చూడు నాన్నా, ఎంత గొప్ప ఆటో" అనకండి. ఆయన ముప్పై ఏళ్లు తొక్కింది మీకు తెలియని సైకిల్. ఆ రోజుల గురించి అడగండి. రోజుకు ఎన్ని ఊళ్లు తిరిగేవారు, వరదల్లో ఏం చేసేవారు, పంక్చరైతే ఎవరు వేసేవారు. ఒప్పించడానికి కాదు, తెలుసుకోవడానికే అడగండి. తేడా ఆయనకు తెలిసిపోతుంది.

మోకాళ్ల భయం మాత్రం మాటలతో పోయేది కాదు, అందులో నిజం ఉంది. పాతకాలపు నల్ల సైకిల్ ఇరవై కిలోల దాకా ఉండేది, గేర్లు లేవు, పైన బరువు. కాలు నేలకు ఆనాలని సీటు కిందికి దించుకునేవారు. మోకాలు బాగా మడిచి బలంకొద్దీ తొక్కితే కీలు మీద పడే ఒత్తిడి ఎక్కువ. నాన్నగారి నొప్పికి అదొక్కటే కారణమని నేననను. కానీ మీకది పాఠం. పెడల్ అడుక్కి వెళ్లినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగేలా సీటు ఎత్తించుకోండి. తేలిక గేర్‌లో నిమిషానికి 85, 90 చుట్లు తిప్పడం అలవాటు చేసుకోండి. బైక్ ఫిట్టింగ్, అంటే సైకిల్‌ను మన ఒంటి కొలతలకు సరిచేయడం తెలిసినవాళ్లకు ఒకసారి డబ్బు ఇవ్వడం, ఖరీదైన చక్రాలు కొనడం కంటే ఎంతో మేలు.

ఇక ఆలస్యం మాట. హాలండ్‌కు చెందిన అనెమీక్ వాన్ వ్లూటెన్ ఫుట్‌బాల్ ఆడుతూ మోకాలు దెబ్బతిని, పాతికేళ్లకు అటూఇటూగా సైకిల్ వైపు వచ్చారు. 2022లో, 39 ఏళ్ల వయసులో, విరిగిన మోచేతితో ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. ఆమెను టోక్యో ఒలింపిక్స్ రోడ్ రేసులో వెనక్కి నెట్టింది ఆస్ట్రియాకు చెందిన అన్నా కీసెన్‌హోఫర్. ఆమె గణితంలో పీహెచ్‌డీ చేసిన మనిషి, విశ్వవిద్యాలయంలో ఉద్యోగం చేస్తూ రేసులకు వెళ్లేవారు. ఏ ప్రొఫెషనల్ జట్టూ లేదు. 2021 జులై 25న 137 కిలోమీటర్ల ఆ రేసులో మొదటి కిలోమీటరు నుంచే ముందుకు దూకారు. ఒలింపిక్స్‌లో రేసు సంగతులు చెవిలో చెప్పే జట్టు రేడియోలు ఉండవు కదా, ముందు ఒకామె ఉందన్న సంగతే వెనకవాళ్లు మరిచారు. రెండో స్థానంలో గీత దాటిన వాన్ వ్లూటెన్ తానే గెలిచాననుకుని సంబరంగా చేతులు పైకెత్తారు!

ఈ కథలు చదివి ఉద్యోగం మానేస్తారేమోనని నా భయం. అన్నా కథలో మీకు పనికొచ్చేది పతకం కాదు, ఉద్యోగం. మీ వయసు ప్రకారం అండర్-23 విభాగం దాటిపోయింది. నేరుగా ఎలీట్, అంటే అగ్రస్థాయి మహిళల్లో నిలబడాలి. అక్కడ రైల్వేల జట్టు వంటి చోట్ల నుంచి, చిన్నప్పటి నుంచీ ఇదే పనిగా సాధన చేసినవాళ్లు వస్తారు. ఏడుగురిలో రెండో స్థానం మీకు ఆశ పుట్టిస్తే చాలు, అంతకు మించి అదేమీ చెప్పలేదు. మీరు రేసర్ అవునో కాదో ఇంకా మీకే తెలియదు. అది తేలకముందే జీతం వదులుకోవడం, ఇల్లంతా గొడవ పెట్టుకోవడం దేనికి?

ఒక్క సీజన్ ఉద్యోగం చేస్తూనే పోటీపడండి. వారానికి ఏడెనిమిది గంటలు చాలు. అందులో ఎక్కువ భాగం మాట్లాడుతూ తొక్కగలిగినంత నెమ్మదిగా, ఒకటి రెండు రోజులు మాత్రం ఊపిరి ఆడనంత గట్టిగా. కొత్తవాళ్లు రోజూ మధ్యరకంగా తొక్కి అలసిపోతారట, కోచ్‌లందరూ చెప్పే మాటే ఇది. టైమ్ ట్రయల్ ఒంటరి పోరు, మీకు కొంత వచ్చు. రోడ్ రేసు వేరు. ముందువాళ్ల చక్రం వెనకే, ఒక మూర దూరంలో, బ్రేకు మీద వేలుంచి తొక్కాలి. అలా నక్కి తొక్కితే నాలుగో వంతు కంటే ఎక్కువ శ్రమ ఆదా అవుతుంది. ఆ ధైర్యం రాకపోతే కాళ్లలో ఎంత బలమున్నా గుంపు జారిపోతుంది. నానక్‌రామ్‌గూడ వైపు సోలార్ పలకల పైకప్పు వేసిన సైకిల్ ట్రాక్ మీద ఇది రాదు, అక్కడ పిల్లలూ పెద్దలూ తిరుగుతుంటారు, దయచేసి వేగం చూపించకండి. అనుభవమున్న గ్రూపుతో వెళ్లండి. ఉస్మానియా క్యాంపస్‌లో వెలోడ్రోమ్ (సైకిల్ రేసుల ట్రాక్) ఉంది, అక్కడ సాధన చేసేవాళ్లను అడిగితే కోచ్‌ల దారి తెలుస్తుంది. జాతీయ పోటీలకు రాష్ట్ర సైక్లింగ్ సంఘం సెలెక్షన్ల మీదుగానే వెళ్లాలి. మీరు ఆంధ్ర తరఫునా, తెలంగాణ తరఫునా అన్నది ముందే రెండు సంఘాలనూ అడిగి తేల్చుకోండి. చివరి నిమిషంలో ఆధార్ అడ్రస్ పట్టుకుని పరుగెత్తే బాధ తప్పుతుంది. 200 కిలోమీటర్ల బ్రెవేకి (గడువులోగా పూర్తిచేసే దూరపు రైడ్) రమ్మని స్నేహితులు పిలుస్తారు. పదమూడున్నర గంటల్లో పూర్తిచేస్తే చాలు, అందులో ర్యాంకులుండవు. సరదాకు వెళ్లండి, దాన్ని రేసు కింద లెక్కేయకండి.

తిండి గురించి ఒక్క మాట, ఇది ఆడపిల్లలకు ప్రత్యేకంగా. సన్నబడితే ఎత్తులు తేలిగ్గా ఎక్కుతామని గ్రూపుల్లో ఎవరో ఒకరు చెబుతారు. వినకండి. గంటన్నర దాటే రైడ్‌లో గంటకు రెండు అరటిపళ్లో, వేరుశనగ పట్టీతో పాటు ఒక పండో కడుపులో పడాలి. నెలసరి తప్పడం మొదలైతే అది ఫిట్‌నెస్ కాదు, శరీరానికి తిండి చాలడం లేదనే హెచ్చరిక కావచ్చు. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

అమ్మగారి సంగతి తేలికే. ఆమెతో రంగు గురించి వాదించకండి. పొడుగు చేతుల జెర్సీ వేసుకుంటానని, సన్‌స్క్రీన్ రాసుకుంటానని చెప్పి ఊరుకోండి. సంబంధం కుదిరే వేళ వస్తే, ఆదివారం తెల్లవారుజామున నేను ఇంట్లో ఉండను అని మొదటి మాటల్లోనే చెప్పండి. అది విని వెళ్లిపోయే అబ్బాయి వెళ్లిపోవడమే మంచిది. అయితే ఒంటరిగా చీకట్లో తొక్కడం మీద అమ్మానాన్నలు భయపడితే దాన్ని చాదస్తం అనకండి. లారీ ఎంత దగ్గరగా వస్తుందో నాన్నగారికి మీకంటే బాగా తెలుసు. హెల్మెట్, వెనక ఎర్ర లైటు, తోడుగా గ్రూపు. వాట్సాప్‌లో లొకేషన్ ఆయనకే పంపండి, రైడ్ ముగిశాక ఫోన్ చేయండి. పోస్ట్‌మ్యాన్‌కు దారి తప్పిన మనిషి కంటే ఎక్కడుందో తెలియని మనిషే ఎక్కువ కలవరం.

ఇప్పుడు ఆ 78 వేలు. పండక్కి వెళ్లినప్పుడు అందరూ అన్నాలు తిన్నాక, "నాన్నా, బైక్ 14 వేలు కాదు, 92. ఆరు ఈఎంఐలు ఉన్నాయి, జీతంలోంచే కడుతున్నాను, నీకు అబద్ధం చెప్పాను" అనండి. తర్వాత ఇంకేమీ అనకండి. రేసుల ఊసు ఆ పూట ఎత్తనే వద్దు. కోప్పడతారు. పడనివ్వండి, ఈసారి కోపానికి కారణం మీరు చేసిన పనే, ఆయన పాత గాయం కాదు. అందుకే అది తొందరగా తగ్గే కోపం.

వీలైతే బైక్‌ను వెంట తీసుకెళ్లండి. ముందు చక్రం విప్పి సంచీలో కట్టి పెడతారు, రైల్వే పార్సిల్‌లో వేస్తే రాజమండ్రి దాకా వస్తుంది. అరుగు మీద బిగిస్తుంటే ఆయన దగ్గరికి రాకుండా ఉండలేరు. ఒంటి చేత్తో ఎత్తి చూస్తారు. స్టాండు ఏది, చైను కవరేది, 92 వేలు తీసుకున్నవాడు మడ్‌గార్డు కూడా ఇవ్వలేదా అని అడుగుతారు. నవ్వకండి. జవాబులు నేర్చుకుని వెళ్లండి.