రోదసిలో బూజు పడితే ఏం చేస్తారు?

ప్రశ్న: వానాకాలంలో మా ఇంటి గోడకు బూజు పడితే బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్లతో కడిగి, కిటికీలు తెరిచి ఆరబెడతాము. కిటికీ తెరిచే వీలే లేని అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో సూక్ష్మజీవులు పెరగకుండా ఏం చేస్తారు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీరు చేసే రెండు పనుల్లో ఆరబెట్టడమే అక్కడా అసలైన పని. గోడలో చెమ్మ ఉన్నంతకాలం, ఎన్నిసార్లు కడిగినా బూజు మళ్లీ వస్తుంది.

ప్రయాణానికి ముందు వ్యోమగాములను సుమారు రెండు వారాలు విడిగా ఉంచుతారు. అయితే అది జలుబు, ఫ్లూ వంటి జబ్బులు వెంట రాకుండా చేసే ఏర్పాటే తప్ప, మనిషి చర్మం మీద, పేగుల్లో సహజంగా ఉండే సూక్ష్మజీవులను ఆపేది కాదు. 2000 నవంబరు నుంచి ఆ కేంద్రంలో మనుషులు లేని రోజు లేదు కనుక, అవి చేరుతూనే ఉంటాయి. భారరహిత స్థితిలో చర్మపు పొట్టు నేలకు రాలదు. గాలి వెంట తేలిపోయి ఫిల్టర్ల జాలీలకు పట్టుకుంటుంది. అందుకే వారానికోసారి, సాధారణంగా శనివారం, జరిగే శుభ్రతలో ఆ జాలీలను వాక్యూమ్ క్లీనరుతో తప్పక శుభ్రం చేస్తారు.

చెమ్మ ఏం చేయగలదో సోవియట్ యూనియన్ 1986లో ప్రయోగించిన మీర్ కేంద్రం చూపించింది. గాలి సరిగా ఆడని పలకల వెనుక ఆవిరి నీరుగా మారింది. కిందికి కారే దారి లేనందున ఆ నీరు ముద్దలుగా నిలిచిపోయి, బ్యాక్టీరియాకూ శిలీంధ్రాలకూ నెలవైంది. కిటికీ అద్దాల అంచులకూ బూజు పట్టింది. ఈ అనుభవం తర్వాత, ఇప్పటి కేంద్రంలో ఫ్యాన్లు గాలిని నిరంతరం కదుపుతాయి. అందులోని తేమను చల్లని లోహపు పలకల మీద నీరుగా మార్చి వేరుచేసి, శుద్ధిచేసి, తాగడానికి వాడతారు.

బ్లీచింగ్ పౌడరు ఎందుకు వాడరంటే, దాని ఘాటు బయటికి పోయే దారి లేదు. స్పిరిట్ వంటివైతే ఆవిరై, చివరికి తాగునీటి శుద్ధి యంత్రానికే భారమవుతాయి. అందువల్ల తేలికగా ఆవిరికాని క్వాటర్నరీ అమ్మోనియం అనే క్రిమిసంహారక రసాయనాలతో తడిపిన తుడుపుగుడ్డలు వాడతారు. సూక్ష్మజీవులను పూర్తిగా లేకుండా చేయాలని ఎవరూ ప్రయత్నించరు: 100 చదరపు సెంటీమీటర్లకు బ్యాక్టీరియా 10,000 కాలనీలు (నమూనాను పెంచి చూసినప్పుడు కనిపించే గుంపులు), శిలీంధ్రాలు 100 కాలనీలు దాటకూడదన్నదే నియమం. నాకైతే ఈ పట్టువిడుపు సబబుగానే తోస్తుంది. 803 చోట్ల నమూనాలు సేకరించి 2025లో ప్రచురించిన అధ్యయనమొకటి, అక్కడ మట్టిలోనూ నీటిలోనూ ఉండే జాతుల వైవిధ్యం మరీ తక్కువైందని కూడా చెప్పింది.

సూక్ష్మజీవులను చంపేందుకు వెండి, రుథేనియం అనే లోహాలు కలిసిన పూతను కేంద్రంలోని మరుగుదొడ్డి తలుపు మీద పరీక్షించినప్పుడు, మొదటి ఆరు నెలల తర్వాత దానిపై పెంచి చూడగలిగిన బ్యాక్టీరియా ఒక్కటీ దొరకలేదు. ఆ తర్వాత మాత్రం కొద్దిగా కనిపించింది. దుమ్మూ చనిపోయిన కణాలూ పేరుకుని పూతను కప్పేస్తే, కొత్తగా వచ్చిన బ్యాక్టీరియాకు లోహం తగలదని పరిశోధకులు వివరించారు. కాబట్టి పూత ఉన్న తలుపునైనా తుడవక తప్పదు.