కంపెనీ చెప్పిన మైలేజీ నెల్లూరులో ఎందుకు రాదు?

కంపెనీ లీటరుకు 17 అంటే మీ పెట్రోలు ఎస్‌యూవీ 12 దగ్గరే ఆగిందని అడిగారు. బండిలో లోపమే ఉండక్కర్లేదు. ఆ 17 అనేది ల్యాబ్‌లో రోలర్ల మీద, ఏసీ ఆపి, వేగం 90 దాటకుండా తీసిన లెక్క. మీరేమో మే నెల ఎండలో ఏసీ ఫుల్లుగా పెట్టుకుని వీఆర్సీ సెంటర్ ట్రాఫిక్‌లో నిలబడతారు. బండి కదలదు, పెట్రోలు మాత్రం కాలుతూనే ఉంటుంది.

ఒంగోలు వైపు హైవే ఎక్కాక 80లో పోకుండా 110లో తోలితే గాలి నిరోధం దాదాపు రెట్టింపవుతుంది. ఎత్తైన బండికి ఆ దెబ్బ మరీ ఎక్కువ. పైన క్యారియర్ ఊరికే ఉంటే విప్పేయండి.

డిస్‌ప్లే అంకెను నేనైతే నమ్మను. ఒకే బంకులో ఆటో కట్ అయ్యేదాకా కొట్టించి, మళ్లీ అలాగే నింపినప్పుడు పట్టిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లను భాగించండి.