పిల్లల మ్యాచ్‌లో కార్డు తీసే ముందు: మీ ప్రశ్నలు, మా జవాబులు

అకాడమీ ఫుట్‌బాల్‌లో రిఫరీయింగ్ గురించి, పిల్లల క్రమశిక్షణ గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: అండర్-13 మ్యాచ్‌లకు రిఫరీగా వెళ్తుంటాను. విజిల్ ఊదిన ప్రతిసారీ చేతులు విసురుతూ "ఏం ఫౌల్ సార్ అది!" అని అరిచే కుర్రాళ్లు ప్రతి జట్టులో ఒకరిద్దరు ఉంటారు. కార్డు తీస్తే "చిన్నపిల్లాడికి కార్డేంటి సార్?" అని కోచ్‌లు గొడవకు వస్తారు. తీయకపోతే మిగతావాళ్లూ మొదలుపెడతారు. ఏం చేయాలి? (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: పిల్లల ఆట కోసం నియమాల్లో సడలింపులున్నాయి. గ్రౌండు, గోల్‌పోస్టు, బంతి చిన్నవిగా పెట్టుకోవచ్చు. ఆట సమయం తగ్గించుకోవచ్చు. బయటికెళ్లిన సబ్‌స్టిట్యూట్‌ను మళ్లీ దింపుకోవచ్చు. కానీ ఫౌళ్లు, దురుసు ప్రవర్తనల గురించి చెప్పే పన్నెండో నియమం పన్నెండేళ్లవాడికైనా పెద్దవాళ్లకైనా ఒకటే. మాటతోగానీ చేష్టతోగానీ నిరసన చూపితే ఎల్లో కార్డు, అంటే అధికారిక హెచ్చరిక. బూతుకి, అవమానించే మాటకి, అసభ్యమైన సైగకి రెడ్ కార్డు, అంటే ఆట నుంచి బయటికి. కోచ్‌లు అడిగితే ఈ మాటే ప్రశాంతంగా చెప్పండి.

అయితే కార్డు దాకా వెళ్లకముందే చేయగలిగింది చాలా ఉంది. అసలు నేర్పు అక్కడే. చేయి ఒక్కసారి గాల్లోకి లేచి దిగిపోతే అది తనమీద తనకొచ్చిన విసుగు, వదిలేయండి. మీవైపు తిరిగి, పదిమందికీ వినబడేలా అంటే నిరసన. మొదటిసారైతే ఆట ఆపకుండా పక్కన పరిగెడుతూనే, వాడికి మాత్రమే వినబడేలా "ఏడో నంబర్, విన్నాన్రా, ఇక ఆట చూడు" అనండి. రెండోసారైతే బంతి బయటికెళ్లినప్పుడు వాడితోపాటు కెప్టెన్‌నీ పిలిచి, అందరికీ కనిపించేలా హెచ్చరించండి. రిఫరీతో మాట్లాడటానికి కెప్టెన్ మాత్రమే రావాలనే పద్ధతికి ఇప్పుడు అంతర్జాతీయ నియమాల పుస్తకంలోనూ చోటుంది. టాస్ వేసేటప్పుడే ఇద్దరు కెప్టెన్లకూ ఆ సంగతి చెప్పి ఉంచండి. మూడోసారి కార్డు తీయండి. యాభై నిమిషాలు పళ్లబిగువున ఓర్చుకుని, యాభై ఒకటో నిమిషంలో కోపం పట్టలేక కార్డు తీయడమే అన్నిటికంటే పెద్ద పొరపాటు. ఇంతసేపూ చెల్లిన మాట ఇప్పుడెందుకు తప్పయిందో పిల్లాడికి అర్థం కాదు.

కార్డు చూపే తీరు కూడా ముఖ్యం. పిల్లాడిని గుంపులోంచి మీ దగ్గరికి పిలవండి. వాడి వెనకాల మీరు పరిగెత్తకండి. రెండడుగుల ఎడం ఉంచి నిలబడండి. చేయి పట్టుకోవద్దు, వేలు ఆడించొద్దు. ముందు నోట్‌బుక్ తీసి నంబరూ నిమిషమూ రాయండి. కారణం ఒక్క వాక్యంలో చెప్పండి. అప్పుడు కార్డును నిటారుగా పైకెత్తండి, వాడి ముఖం మీదికి ఊపకండి. ముందు రాయమనడం ఎందుకంటే, అదే నంబరుకి అప్పటికే ఒక ఎల్లో ఉంటే ఆ క్షణంలోనే తెలుస్తుంది. రెండో ఎల్లో ఇచ్చి రెడ్ చూపడం మరిచిపోవడం చాలాసార్లు ముందు రాసుకోకపోవడం వల్లే జరుగుతుంది. చెమటకి పెన్ను మొరాయిస్తుంది, పెన్సిల్ వాడండి. ఎల్లో కార్డు చొక్కా జేబులో, రెడ్ కార్డు నిక్కరు వెనక జేబులో పెట్టుకుంటే తొందరలో చేయి పొరపడదు.

ఇక ఫౌళ్ల సంగతి. అజాగ్రత్తగా తగిలితే ఫ్రీకిక్ చాలు, కార్డు అక్కర్లేదు. ఎదుటివాడికి ఏమవుతుందో లెక్కచేయకుండా దూకితే ఎల్లో. మితిమీరిన బలంతో, దెబ్బ తగిలే ప్రమాదం తెచ్చేలా దూకితే రెడ్. ఈ వయసులో కాళ్లు ఒక్కసారిగా పొడుగు సాగుతాయి. ఒళ్లు ఇంకా వాటికి అలవాటుపడక, బంతి దగ్గరికి అర క్షణం ఆలస్యంగా చేరి ఎదుటివాడిని తన్నేస్తారు. కళ్లు బంతి మీదే ఉండి ఇలా జరిగితే అది ఎక్కువగా మొదటి రకమే. కానీ స్టడ్స్ (బూటు అడుగున ఉండే బుడిపెలు) పైకెత్తి చీలమండ పైన దిగినా, రెండు కాళ్లూ నేల వదిలి దూకినా వయసు చూసి మెత్తబడకండి. గట్టి ఎర్రమట్టి గ్రౌండు మీద అలాంటి దెబ్బకి కాలు విరిగేది కూడా ఒక పిల్లాడికే.

ప్రశ్న: మా అబ్బాయి మ్యాచ్‌ల్లో పిల్లలకంటే కోచ్‌లూ తల్లిదండ్రులూ ఎక్కువ అరుస్తున్నారు. రిఫరీ వాళ్లనేమీ చేయలేరా? (ఒక పాఠకురాలు, గుంటూరు)

జవాబు: కోచ్‌ని చేయగలరు. 2019-20 నియమాల నుంచి జట్టు అధికారులకూ ఎల్లో, రెడ్ కార్డులు వర్తిస్తున్నాయి. బెంచీ వైపు నుంచి ఎవరన్నారో తేలకపోతే, అక్కడున్న వాళ్లలో పెద్ద కోచ్‌కే కార్డు పడుతుంది. టచ్‌లైన్ (గ్రౌండు పొడవునా ఉండే పక్కగీత) అవతలి తల్లిదండ్రులకు మాత్రం కార్డు లేదు. బంతి బయటికెళ్లినప్పుడు ఆట ఆపి నిర్వాహకులను పిలవాలి, వాళ్లు సర్దిచెప్పాకే మళ్లీ మొదలుపెట్టాలి. దీనికి నిర్వాహకులు ముందుగా చేయగలిగిన తేలిక పని ఒకటుంది. బెంచీలన్నీ ఒకవైపు వేసి, తల్లిదండ్రులను రెండోవైపు, టచ్‌లైన్‌కి కనీసం రెండు మీటర్లు వెనక తాడు కట్టి కూర్చోబెట్టాలి. కోచ్ ఎడమకి వెళ్లమంటే నాన్న కుడికి రమ్మని అరిస్తే పిల్లాడు నలిగిపోతాడు. వాడు రిఫరీ మీద విరుచుకుపడే కోపంలో సగం అక్కడ పుట్టిందే.

ప్రశ్న: మా అకాడమీ టోర్నమెంటులో 'సిన్ బిన్' పెడదామనుకుంటున్నాం. ఎలా నడపాలి? (ఒక నిర్వాహకుడు, హైదరాబాద్)

జవాబు: మంచి ఆలోచన. ఎల్లో కార్డు వచ్చిన పిల్లాడిని కాసేపు బయట కూర్చోబెట్టే పద్ధతి ఇది. యూత్ ఆటకు నియమాలు అనుమతిస్తాయి. ఇంగ్లండ్‌లో 2019-20 సీజన్ నుంచి గ్రాస్‌రూట్స్ (కింది స్థాయి) మ్యాచ్‌ల్లో నిరసనకు దీన్నే వాడుతున్నారు. మొత్తం ఆట సమయంలో 10 నుంచి 15 శాతం బయట ఉంచాలి. అంటే 30+30 నిమిషాల మ్యాచ్‌లో 6 నుంచి 9 నిమిషాలు. పిల్లలకి ఆరు చాలు. అన్ని ఎల్లోలకీ వర్తింపజేయవచ్చు, కొన్నిటికే పరిమితం చేయవచ్చు. మీరు నిరసనకు మాత్రమే పెట్టుకోండి. ఒక్క రిఫరీతో నడిచే మ్యాచ్‌లో ముగ్గురు నలుగురు పిల్లల గడియారాలు చూడటం కుదరదు.

రిఫరీ ఎల్లో చూపి, రెండు చేతులతో టెక్నికల్ ఏరియా (కోచ్, సబ్‌స్టిట్యూట్‌లు ఉండే బెంచీ చోటు) వైపు చూపాలి. పిల్లాడు అక్కడే కోచ్ పక్కన కూర్చుంటాడు. ఆ సమయంలో వాడి బదులు సబ్‌స్టిట్యూట్ దిగకూడదు. టైము విషయంలోనే ఎక్కువమంది తప్పు చేస్తారు. కార్డు చూపినప్పటి నుంచి కాదు, వాడు బయటికెళ్లి ఆట మళ్లీ మొదలైనప్పటి నుంచి లెక్కపెట్టాలి. గడువు తీరగానే తనంతట తాను లోపలికి రాకూడదు. రిఫరీ సైగ చేశాక టచ్‌లైన్ మీదుగా రావాలి, బంతి ఆటలో ఉన్నా ఫర్వాలేదు. హాఫ్ టైముకి గడువు మిగిలితే రెండో హాఫ్ బయటే మొదలుపెడతాడు. రెండో వాచీ తప్పనిసరి.

ప్రశ్న: చెవిపోగులు, చేతికి రబ్బరు బ్యాండ్లు ఉంటే టేపు చుట్టి ఆడనివ్వవచ్చా? (ఒక పాఠకుడు, అనంతపురం)

జవాబు: కుదరదు. నగలు, రబ్బరు, తోలు బ్యాండ్లు అన్నీ తీసేయాల్సిందే, టేపు కప్పినా చెల్లదు. మెడలో తాయెత్తు ఉంటే వార్మప్ కంటే ముందే తల్లిదండ్రులకి ఇప్పించండి. కిక్కాఫ్ దగ్గర విప్పమంటే ఏడుపులు మొదలవుతాయి.

ప్రశ్న: రెడ్ కార్డు తెచ్చుకున్న కుర్రాడిని మర్నాడు గ్రౌండు చుట్టూ 20 రౌండ్లు పరిగెత్తించాను. తల్లిదండ్రులు అభ్యంతరం చెబుతున్నారు. క్రమశిక్షణ నేర్పొద్దా? (ఒక కోచ్, విశాఖపట్నం)

జవాబు: ఈ విషయంలో మేము తల్లిదండ్రుల వైపే. 100 మీటర్ల పొడవు, 64 మీటర్ల వెడల్పు గ్రౌండు అనుకున్నా ఒక రౌండు 328 మీటర్లు, ఇరవై కలిపి ఆరున్నర కిలోమీటర్లు. మ్యాచ్ ఆడిన మర్నాడు, మన ఎండల్లో, అది పిల్లాడికి ప్రమాదం. పైగా రేపు ఫిట్‌నెస్ కోసం పరిగెత్తమన్నా వాడికి శిక్షలాగే తోస్తుంది. చేసిన తప్పు మాత్రం అలాగే ఉంటుంది.

తప్పు ఎక్కడుందో చూసి దానికి తగ్గ పని ఇవ్వండి. ఆలస్యంగా దూకి ఫౌల్ చేశాడా? ఒకరికి ఒకరుగా నిలిపి, పది మీటర్ల పట్టీలో ఎదుటివాడికి పక్కవాటంగా నిలబడి, దూకకుండా వెనక్కి జరుగుతూ బంతి కాలికి దూరమైనప్పుడే అందుకోవడం వారం రోజులు సాధన చేయించండి. నోరు జారాడా? ప్రాక్టీస్ మ్యాచ్‌లో పదిహేను నిమిషాలు విజిల్ వాడి చేతికివ్వండి. ఎవరో ఒకరు "ఏం ఫౌల్ రా అది!" అంటారు. మీరు కల్పించుకోవద్దు. అయిపోయాక ఎలా అనిపించిందో అడగండి, చెప్పేది పూర్తిగా వినండి. సస్పెన్షన్ వల్ల తను ఆడలేని మ్యాచ్‌కీ వాడు జట్టుతో రావాలి, వార్మప్‌కి కోన్లు పెట్టాలి, నీళ్ల సీసాలు నింపాలి.

మరొకటి. రెడ్ కార్డు వచ్చినవాడు గ్రౌండు పరిసరాల్లో, టెక్నికల్ ఏరియాలో ఉండకూడదు. అలాగని ఏడుస్తున్న పిల్లాడిని ఒంటరిగా గేటు బయటికి పంపకూడదు. మీ క్లబ్ నుంచి ఒక పెద్దమనిషి వాడితో వెళ్లాలి. ఆ మనిషి ఎవరో మ్యాచ్‌కి ముందే తేల్చుకుని, టీమ్ షీటు ఇచ్చేటప్పుడు రిఫరీకి చెప్పండి.