బోరు నీళ్లు మరిగించి పిల్లలకు తాగిస్తే ఫ్లోరైడ్ పోతుందా?

పోదు, మరిగించిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. మరిగిస్తే క్రిములు చస్తాయి, అంతవరకు మంచిదే. కానీ ఫ్లోరైడ్ క్రిమి కాదు, ఉప్పులాగా నీళ్లలో కరిగి ఉంటుంది. ఆవిరయ్యేది నీళ్లే, ఫ్లోరైడ్ గిన్నెలోనే మిగులుతుంది.

మన నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఒక బోరులో ఫ్లోరైడ్ లీటరుకు 2 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. తాగే నీళ్లలో 1 దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు. ఆ నీళ్లు రెండు లీటర్లు పొయ్యి మీద పెట్టి లీటరున్నర అయ్యేదాకా మరిగిస్తే, లీటరుకు దాదాపు 2.7 అవుతుంది. వాటిలో పాలపొడి కలిపినా, పప్పు ఉడికించినా బిడ్డ కడుపులోకి పోయేది అదే. మామూలు క్యాండిల్ ఫిల్టర్ కూడా దీన్ని ఆపదు, ఆర్వో ఆపుతుంది. పటిక, సున్నం సరైన పాళ్లలో కలిపి తేర్చే ‘నల్గొండ టెక్నిక్’ తగ్గిస్తుంది (పేరు మన జిల్లాదే!). ఇంటికి మిషన్ భగీరథ నల్లా ఉంటే తాగడానికే కాదు, వంటకూ ఆ నీళ్లే వాడాలి.

చాలామంది పొరపడేది ఫ్లోరైడ్ వల్ల వచ్చే పళ్ల మచ్చల దగ్గర. సరిగ్గా తోమక గార పట్టిందనుకుని ఉప్పు, బొగ్గుపొడి పెట్టి రుద్దుతారు. ఆ పసుపు, గోధుమ రంగు చారలు పైన అంటుకున్నవి కావు. ఎనిమిదేళ్ల లోపు, పన్ను ఇంకా చిగురు లోపల తయారవుతున్నప్పుడే పడతాయి. రుద్దితే ఎనామిల్ అరుగుతుంది, మచ్చ పోదు. పళ్ల డాక్టరుకు చూపించండి.