కెమెరా బరువుతో మెడనొప్పి: స్లింగ్ స్ట్రాప్ వేసుకుంటే తగ్గుతుందా?

సమస్య: నా వయసు 36. ఫొటోగ్రాఫర్‌ని. కెమెరా, 70-200 ఎంఎం లెన్సు కలిపి దాదాపు 2.3 కిలోలు ఉంటాయి. పని ఉన్న రోజు ఆరేడు గంటలు కెమెరా మెడలోనే ఉంటుంది. నాలుగు నెలలుగా మెడ కింది భాగం, భుజాల పైభాగం పట్టేసినట్టుగా ఉంటున్నాయి. సాయంత్రానికి తల వెనక నుంచి నొప్పి మొదలవుతోంది. చేతుల్లో తిమ్మిర్లేమీ లేవు. భుజం మీంచి అడ్డంగా వేసుకునే స్లింగ్ స్ట్రాప్ కొనుక్కోమని తోటివాళ్లు చెబుతున్నారు. దాంతో కెమెరా జారి పడిపోతుందేమోనని భయంగా ఉంది. ఏ రకం తీసుకుంటే మంచిది?

సలహా: మీరు రాసిన లక్షణాలు మెడ, భుజాల కండరాలు అలసి బిగుసుకుపోయినప్పుడు కనిపించేవే. తిమ్మిర్లు లేవంటున్నారు కాబట్టి నరం నొక్కుకుపోయిందన్న అనుమానం ప్రస్తుతానికి తక్కువ. మామూలు మెడ స్ట్రాప్‌తో బరువంతా మెడ వెనక, వేలితో తడిమితే ఉబ్బెత్తుగా తగిలే ఎముక చుట్టూ పడుతుంది. కెమెరా ఛాతీ ముందు వేలాడుతూ మెడను ముందుకు లాగుతుంటుంది. పెద్దవాళ్ల తల బరువే సుమారు 5 కిలోలు. తల ముందుకు వంగినకొద్దీ దాన్ని ఆపి ఉంచటానికి మెడ వెనక కండరాలు మరింత గట్టిగా పనిచేయాల్సి వస్తుంది. దానికితోడు కెమెరా లాగుడు. గంటల తరబడి ఇలా బిగిసి ఉన్న కండరాల నుంచే నొప్పి తల వెనక్కి పాకుతుంది.

స్లింగ్ స్ట్రాప్‌తో మెడకు చాలావరకు ఊరట దొరుకుతుంది. కానీ ఒక సంగతి తెలిసి కొనండి. 2.3 కిలోల బరువు ఎక్కడికీ పోదు, మెడ మీంచి ఒక భుజం మీదికి మారుతుందంతే. కుడిచేతి వాటం వాళ్లు స్ట్రాప్‌ను ఎడమ భుజం మీద వేసుకుని కెమెరాను కుడి తుంటి దగ్గర వేలాడదీసుకుంటారు. బరువు మోసే ఎడమ భుజాన్ని మనకు తెలియకుండానే కాస్త పైకెత్తి పట్టుకుంటాం. అలా ఎత్తి ఉంచేది మెడ నుంచి భుజం దాకా పరుచుకున్న ట్రెపీజియస్ కండరమే. మీకు ఇప్పటికే నొప్పి పుడుతున్నది కూడా అందులోనే. అందుకే స్ట్రాప్ మార్చగానే నొప్పి తగ్గిన కొందరికి కొన్ని వారాల తర్వాత ఒకవైపే మళ్లీ మొదలవుతుంది.

ఇది రాకుండా చూసుకోవటం చాలావరకు ప్యాడ్ ఎక్కడ కూర్చుంటుందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. మెడ మొదలుకీ భుజం చివరి ఎముకకీ మధ్యలో, కండ ఉన్న చోట ప్యాడ్ ఉండాలి. కెమెరాను కంటి దగ్గరికి ఎత్తి దింపినప్పుడల్లా స్ట్రాప్ కొద్దికొద్దిగా జరుగుతుంటుంది. ప్యాడ్ మెడ వైపు జరిగితే దాని అంచు కాలర్ ఎముక పైనున్న గుంటను నొక్కుతుంది. చేతికి వెళ్లే నరాలన్నీ ఆ గుంటలోంచే వెళతాయి. బరువైన వీపు సంచులు మోసేవాళ్లకు చేయి మొద్దుబారటం, బలం తగ్గటం ఈ చోటు నొక్కుకుపోవటం వల్లే వస్తుంటాయి. చంక కింది నుంచి వెళ్లి ప్యాడ్‌ను కదలకుండా పట్టి ఉంచే చిన్న పట్టీ కొన్ని స్లింగ్‌లకు ఉంటుంది. మీ కెమెరా బరువుకు అది తప్పనిసరి. దాన్ని రెండు వేళ్లు దూరేంత వదులుగా పెట్టుకోండి. బిగించేస్తే చంకలో ఒరుసుకుంటుంది.

ప్యాడ్ వెడల్పు కనీసం 5 సెంటీమీటర్లు ఉంటే మేలు. కొనేముందు బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. వేలు అవతలి పొరకు తగిలిందంటే బరువు పడగానే ఆ ఫోమ్ అణిగిపోయి పట్టీ నేరుగా భుజంలో దిగుతుంది. సాగే నియోప్రీన్ (ఒక రకం కృత్రిమ రబ్బరు) ప్యాడ్ వేసుకున్న మొదటి నిమిషంలో తేలిగ్గా అనిపిస్తుంది. కిలో లోపు కెమెరాలకు బాగానే ఉంటుంది. 2 కిలోలు దాటితే మాత్రం అడుగడుక్కీ కెమెరా పైకీ కిందికీ ఊగుతుంది, ఆ ఊపును ఆపటానికి భుజం మళ్లీ బిగుసుకుంటుంది. పైగా నియోప్రీన్ తయారీలో వాడే రసాయనాలు పడనివాళ్లకు చెమట పట్టిన చోట ఎర్రగా దద్దుర్లు వస్తాయి. అలా వస్తే చర్మానికి ఆనే వైపు నూలు గుడ్డ ఉన్నది తీసుకోండి.

ఇక పొడవు. నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే మీ అరచేయి ఉన్నచోటే కెమెరా పట్టు అందాలి. మరీ కిందికి ఉంటే నడిచేటప్పుడు తొడకు కొట్టుకుంటుంది, కుర్చీలకూ గుమ్మాలకూ తగులుతుంది. మరీ పైకి ఉంటే కెమెరా అందుకోవటానికి ప్రతిసారీ మోచేతిని వెనక్కి ఎత్తాలి. ఆ కదలిక రోజంతా చేస్తే భుజం కీలు నొప్పెడుతుంది.

కెమెరా పడిపోతుందన్న మీ భయం సహేతుకమే. చాలా స్లింగ్‌లు కెమెరా అడుగున ట్రైపాడ్ (మూడు కాళ్ల స్టాండు) కోసం ఉండే పావు అంగుళం రంధ్రంలో ఒకే ఒక్క స్క్రూతో బిగుస్తాయి. నడుస్తున్నంతసేపూ కెమెరా మెలితిరుగుతుంటుంది. స్క్రూకూ కెమెరాకూ మధ్యనున్న రబ్బరు వాషర్ ఎండిపోయినా, దుమ్ము పట్టినా పట్టు తగ్గి స్క్రూ కొంచెం కొంచెంగా వదులవుతుంది. వాషర్ అణిగేదాకా చేత్తో బిగించి, స్క్రూ తలకు గాడి ఉంటే నాణెంతో ఇంకో పావు చుట్టు తిప్పండి. కటింగ్ ప్లేయర్ వాడొద్దు, అడుగు పలక దెబ్బతింటుంది. బిగించాక స్క్రూ అంచు మీంచి పక్క పలక మీదికి మార్కర్ పెన్నుతో సన్నగా ఒక గీత గీయండి. ఆ గీత విరిగినట్టు కనిపిస్తే స్క్రూ తిరిగినట్టే. పని మొదలుపెట్టే ముందు ఒకసారి, మధ్యలో విరామం దొరికినప్పుడల్లా ఒకసారి చూసుకుంటే చాలు.

మీ లెన్సుకు కింద ట్రైపాడ్ పాదం ఉంటే స్క్రూను కెమెరాకు కాకుండా దానికే బిగించండి. బరువు మధ్యలో పడుతుంది, లెన్సు బిగిసే రింగు మీద లాగుడు ఉండదు, తొడకు కొట్టుకోవటమూ తగ్గుతుంది. దీనికి తోడు కెమెరా పక్కనుండే స్ట్రాప్ కొక్కేనికీ స్లింగ్ పట్టీకీ కలిపి ఒక చిన్న రక్షణ తాడు కట్టుకోండి. స్క్రూ ఊడినా కెమెరా దానికి వేలాడుతుంది. ఇది లేకుండా అంత బరువును ఒక్క స్క్రూకు వదిలేయమని చెప్పలేను. పక్క కొక్కేలకే తగిలించే స్లింగ్‌లూ ఉన్నాయి. వాటిలో స్క్రూ భయం లేదు కానీ పెద్ద లెన్సు ఉన్నప్పుడు కెమెరా ముందుకు వాలి పొట్టకు గుచ్చుకుంటుంది. వాటి దారాలు, లూపులు నలిగాయేమో తరచూ చూడాలి.

స్లింగ్‌తో కెమెరాకు దెబ్బ తగిలేది ఎక్కువగా మనం వంగినప్పుడే. కింద పెట్టిన బ్యాగు కోసం వంగితే కెమెరా పట్టీ మీద జారుతూ ముందుకు వచ్చి నేలకు తగులుతుంది. పట్టీ మీద ఆపు క్లిప్పు ఉంటే వంగే ముందు నొక్కేయండి, లేకపోతే ఒక చేత్తో కెమెరాను పట్టుకోండి. లెన్సు హుడ్‌ను తిరగేసి పెట్టకుండా సరిగ్గా బిగించి ఉంచితే ముందు గాజుకు కాపు. జూమ్ గొట్టం బయటికి సాగే లెన్సులైతే, వాటి మీద లాక్ మీట ఉంటే వేసి ఉంచండి, లేదంటే వేలాడుతూ దానంతటదే సాగుతుంది.

నా అభిప్రాయంలో మీకు ఆరేడు గంటల పనికి ఒంటి భుజం స్లింగ్ సరిపోదు. రెండు భుజాల మీద బరువు పంచే హార్నెస్ తీసుకోండి. వీపు మీద పట్టీలు కలిసే చోటు రెక్క ఎముకల మధ్య ఉండాలి, మెడ మీదికి రాకూడదు. రెండు గంటల లోపు పనులకు, చిన్న లెన్సు ఉన్నప్పుడు స్లింగ్ చాలు. అప్పుడు కూడా గంటకోసారి భుజం మార్చండి. ఇందుకోసం రెండువైపులా ఒకేలా ఉండే ప్యాడ్ కావాలి, ఒక భుజానికే వంపు తిప్పి కుట్టినవి పనికిరావు. నడుము బెల్టుకు తగిలించుకునే హోల్‌స్టర్ భుజాలకు పూర్తి విశ్రాంతి ఇస్తుంది. కాకపోతే బెల్టు మరీ బిగిస్తే తొడ బయటి వైపు మంట, మొద్దుబారటం వస్తాయి. అక్కడికి వెళ్లే నరం గజ్జల దగ్గర నొక్కుకుపోవటమే కారణం. వదులు చేస్తే చాలావరకు తగ్గుతుంది.

స్ట్రాప్ మార్చినంత మాత్రాన నాలుగు నెలల బిగుతు వారంలో పోదు. రోజూ రెండుసార్లు గడ్డాన్ని కిందికి వంచకుండా నేరుగా వెనక్కి లాగి 5 సెకన్లు ఆపండి, ఇలా 10 సార్లు. తర్వాత రెక్క ఎముకలను ఒకదానికొకటి దగ్గరగా తెచ్చి 5 సెకన్లు, ఇదీ 10 సార్లు. తలను ఒక పక్కకు వాల్చి 20 నుంచి 30 సెకన్లు ఉంచండి, రెండో పక్కకూ అంతే. పని నుంచి వచ్చాక 15 నిమిషాలు గోరువెచ్చటి కాపడం పెట్టుకోవచ్చు. నొప్పి మాత్రలను సొంతంగా రోజుల తరబడి వాడకండి. కడుపులో పుండు, కిడ్నీ సమస్యలున్నవాళ్లకు అవి మరీ ప్రమాదం.

చేతికి తిమ్మిరి పాకటం, పట్టు తగ్గి వస్తువులు జారిపోవటం, నడకలో తూలటం, రాత్రి నిద్ర లేపేంత నొప్పి, నొప్పితో పాటు జ్వరం ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించుకోండి. ఒక చేయి హఠాత్తుగా వాచి నీలంగా మారితే రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఎడమ భుజం నొప్పితో పాటు ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే కెమెరా మీద నెపం పెట్టి కూర్చోకండి, వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి.

ఇవేవీ లేకపోయినా మూడు నాలుగు వారాల్లో నొప్పి తగ్గుముఖం పట్టకపోతే ఎముకల డాక్టర్‌ను గానీ ఫిజియోథెరపిస్టును గానీ కలవండి. వెళ్లేటప్పుడు కెమెరా, స్ట్రాప్ వెంట తీసుకెళ్లి, రోజూ వేసుకునేట్టే వేసుకుని చూపించండి. ప్యాడ్ ఎక్కడ నొక్కుతోందో, ఏ భుజం పైకి లేస్తోందో వాళ్లకు నేరుగా కనిపిస్తుంది.