పబ్‌లో మూల కూర్చుండిపోయాను... నా స్వభావం మార్చుకోవడం ఎలా?

"నాకు 25 ఏళ్లు. సత్తెనపల్లి దగ్గర మా ఊరు. మాదాపూర్‌లో ఉద్యోగం, లేడీస్ హాస్టల్లో ఉంటాను. చిన్నప్పటి నుంచి నలుగురిలో మాట్లాడలేను. ఇంటర్ నుంచి నాకున్న ఒకే ఒక్క ఫ్రెండ్ తన పుట్టినరోజని జూబ్లీహిల్స్‌లో పబ్‌కి తీసుకెళ్లింది. నాకదే మొదటిసారి. తన టీమ్ వాళ్లు ఇంకో ఆరుగురు వచ్చారు. అందరూ డాన్స్ చేస్తుంటే నేను సోఫాలో వాళ్ల హ్యాండ్‌బ్యాగులు, ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నాను. అమ్మ ఫోన్ చేస్తే బయటికొచ్చి 'రూములోనే ఉన్నా' అని చెప్పాను. నిమ్మకాయ సోడా ఒక్కటే తాగాను, బిల్లు తలా 3,800 పడింది. రాత్రికి ఫ్రెండ్ ఫ్లాట్‌లో పడుకోవాలనుకున్నాం. పన్నెండున్నరకు బ్యాగులు తీసుకుని 'ఇప్పుడే వస్తాం' అని వెళ్లినవాళ్లు మళ్లీ రాలేదు. తను ఫోన్ ఎత్తలేదు. గేటు దగ్గర బౌన్సర్ కుర్చీ వేసి, క్యాబ్ వచ్చేదాకా పక్కనే నిలబడ్డాడు. హాస్టల్ ఆంటీ తిడుతూ తలుపు తీసింది. మర్నాడు మధ్యాహ్నం ఫ్రెండ్ 'సారీనే, ఫోన్ సైలెంట్‌లో ఉంది. అయినా నీకు ఎంజాయ్ చేయడం రాదు' అని మెసేజ్ పెట్టింది. రెండు రోజులుగా చెవుల్లో హోరు అంటే 'పల్లెటూరి చెవులు' అని నవ్వింది. డిసెంబరు 31కి మళ్లీ రమ్మంటోంది. ఈ ఉద్యోగానికి రిఫరల్ ఇచ్చింది తనే, కాదనలేను. ఆలోపు నా స్వభావం మార్చుకుని అందరిలా ఉండటం ఎలా?"

అమ్మా, ముందు నీ ప్రశ్న సంగతి తేల్చేస్తాను. స్వభావం మార్చుకోనక్కర్లేదు. 1921లో కార్ల్ యుంగ్ అనే స్విస్ మనోవైద్యుడు అంతర్ముఖులు, బహిర్ముఖులు అని మనుషుల్ని రెండు రకాలుగా చూపించినప్పుడు కూడా ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అనలేదు. కొందరికి పదిమందిలో ఉంటే హుషారొస్తుంది. కొందరు పదిమందిలో గడిపాక కాసేపు తలుపేసుకుని కూర్చుంటే గానీ తేరుకోరు. నువ్వు రెండో రకం. దీనికి మందూ వద్దు, శిక్షణా వద్దు.

చెవుల సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకు. పెద్ద శబ్దానికి పల్లెటూరి చెవులని, పట్నం చెవులని తేడా ఉండదు. ఇలాంటి చోట్ల శబ్దం సగటున 100 డెసిబెల్స్ దాటకూడదనీ, వచ్చినవాళ్లు కాసేపు చెవులకు విశ్రాంతి ఇవ్వడానికి నిశ్శబ్దమైన చోటు ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. నీకు హోరు ఇంకా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లు.

ఇక అసలు విషయానికి వద్దాం. ఉత్తరం మొత్తంలో నీ మితభాషిత్వం వల్ల నీకు జరిగిన నష్టం ఒక్కటి కూడా కనపడలేదు నాకు. కనపడిందల్లా నీ స్నేహితురాలే.

మొదటిసారి పబ్‌కి వచ్చిన పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్క పాటకైనా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాలి కదా! ఆమె నీకు బ్యాగులు అప్పగించింది. నేను బాపట్లలో చదువుకునే రోజుల్లో మేం సూర్యలంక బీచ్‌కి వెళ్తే ఒడ్డున చెప్పులు చూసే అమ్మాయి ఒకతి ఉండేది. ఎప్పుడు వెళ్లినా ఆమే. నీళ్లంటే భయమేమో అనుకున్నాం. ఒక్కరమూ అడగలేదు. చాలా ఏళ్లకి ఒక పెళ్లిలో కలిసినప్పుడు, "నన్ను ఒక్కసారి రమ్మనుంటే వచ్చేదాన్నే" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అందుకే నీ ఉత్తరంలో ఆ సోఫా దగ్గర ఆగిపోయాను.

అర్ధరాత్రి నిన్ను ఒక్కదాన్నే వదిలేసి వెళ్లడం ఇంకా పెద్ద తప్పు. రాత్రికి పడుకోవడానికి చోటు ఇస్తానని పిలిచిన మనిషి, నువ్వు ఇంటికి చేరావో లేదో మర్నాడు మధ్యాహ్నం దాకా కనుక్కోలేదు. చేసిన తప్పు కప్పిపుచ్చుకోవడానికే 'నీకు ఎంజాయ్ చేయడం రాదు' అని నింద నీ మీదకు తోసింది. నువ్వు ఆ నిందనే నిజమనుకుని నాకు ఉత్తరం రాశావు. నాకు కోపం వచ్చింది అక్కడే.

రిఫరల్ ఇచ్చింది కాబట్టి కాదనలేనన్నావు. చేసిన మేలు మర్చిపోకూడదు, నేనూ అలాగే పెరిగాను. కానీ ఇంటర్వ్యూలో కూర్చుని జవాబులు చెప్పింది ఎవరు? రిఫరల్ ఇచ్చినవాళ్లకు బోనస్ ఇచ్చే కంపెనీలూ చాలా ఉన్నాయి. ఆమెకు కష్టం వస్తే ముందు నువ్వే వెళ్లు, ఆస్పత్రిలో ఉంటే రాత్రంతా కూర్చో. అది కృతజ్ఞత. రమ్మన్నచోటికల్లా వెళ్లి, తాగనివాటికి బిల్లు కట్టడం కృతజ్ఞత కాదు. నిన్ను పట్టి ఉంచింది ఆ రిఫరల్ కాదని నా అనుమానం. 'ఒకే ఒక్క ఫ్రెండ్' అన్నావు చూడు, ఆ మాట. ఈమె కూడా పోతే నాకెవరున్నారన్న భయం. భయంతో నిలబెట్టుకున్న స్నేహంలో నీకు గౌరవం దొరకదమ్మా.

అలాగని రేపే తెంచుకోమనను. ఇంటర్ నుంచి ఉన్న మనిషి. ఒక ఆదివారం ఆమెను ఒక్కదాన్నే టిఫిన్‌కి పిలువు. మెసేజ్‌లో పెట్టకు, ఎదురుగా చెప్పు: "ఆ రాత్రి నన్ను వదిలేసి వెళ్లావు. నేను చాలా భయపడ్డాను. 31కి నేను రావట్లేదు." ఈ మూడు మాటలు చాలు. సంజాయిషీ ఇచ్చుకోకు, ఏడుపొస్తే ఆపుకోకు. ఆమె తల దించుకుని నిజంగా బాధపడితే ఆ స్నేహం బతుకుతుంది. మళ్లీ నవ్వేస్తే మాత్రం అక్కడితో కాస్త దూరం జరుగు. ఆఫీసులో పలకరింపు చాలు. నీ హాస్టల్లోనే నీలాంటివాళ్లు ఇంకో ఇద్దరైనా ఉంటారు, వాళ్లతో కలిసి టీ తాగు.

ఎప్పుడైనా నీకే మళ్లీ పబ్‌కి వెళ్లాలనిపిస్తే వెళ్లు, అదేం పాపం కాదు. తిరిగొచ్చే దారి నీ చేతిలో ఉండాలి. ఇంకొకరి ఫ్లాట్ మీద ఆధారపడకుండా క్యాబ్, హాస్టల్ గేటు ముందే చూసుకో.

ఇంకొకటి. అమ్మతో అబద్ధం ఆడావు. తిడుతుందని ఆడావు, అర్థమైంది. కానీ ఆ రాత్రి పన్నెండున్నరకు నువ్వు ఎక్కడున్నావో నీ వాళ్లలో ఒక్కరికీ తెలియదు. కన్నతల్లికి తెలియకుండా అంత రాత్రి ఒంటరిగా నిలబడే పరిస్థితి మళ్లీ తెచ్చుకోకు. ఈసారి ఊరెళ్లినప్పుడు వంటింట్లో పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పు, ఆ కుర్చీ వేసినతని గురించి కూడా. ముందు తిడుతుంది. కాసేపటికి, "ఆ అబ్బాయి ఎవరమ్మా, పేరైనా అడిగావా?" అంటుంది.