ముందు వాళ్ల అమ్మను అడుగు

హనుమకొండ,
ఏప్రిల్ 18

బిడ్డా,

అత్తమ్మ దీవెనలు. నువ్వు మే మొదటి వారం నుంచి ములుగు అవతల ఒక ఊళ్లో పది రోజులు పిల్లలకు వీబీఎస్, అదే వేసవి సెలవుల బైబిలు బడి, నడుపుతున్నావని నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. నా ఒళ్లో కూర్చుని యాక్షన్ సాంగులకు చేతులూపిన పిల్ల యాభై మందికి టీచర్ కాబోతోందని కళ్లు చెమర్చాయి. అంతలోనే గుండెల్లో దడ మొదలైంది. ఆ చర్చి వెనక వ్యవసాయ బావి ఉందట కదా. దానికి గట్టు ఉందా?

ముందు ఆ సంగతి చూడు, పాటలూ పాఠాలూ తర్వాత. ఎండాకాలం మగపిల్లలకు బావి కనిపిస్తే కాళ్లు ఆగవు. నేను ఉద్యోగం చేసిన రోజుల్లో ఒక జూన్‌లో బడి తెరిచాక, హాజరు పట్టీలో ఐదో తరగతి పిల్లాడి పేరు మీద గీత కొట్టాల్సి వచ్చింది. ఈతకు పోయి తిరిగి రాలేదు. ఆ గీత కొట్టింది ఈ చేతితోనే. పిల్లలు వచ్చేటప్పుడు పేర్లు రాసుకోవడం అందరూ చేసేదే. నువ్వు వెళ్లేటప్పుడు కూడా పేరు పేరునా పిలువు, ఎవరు ఎవరితో ఇంటికి వెళ్లారో రాసుకో. బావి దారికి ముళ్లకంప వేయించు. సంఘ పెద్దల్లో ఒకరిని ఆ పది రోజులూ అక్కడే కుర్చీ వేసుకుని కూర్చోమను. పెద్దాయన కదా, ఎలా చెప్పాలి అని మొహమాటపడకు.

ఇక వేళల సంగతి. పొద్దున ఎనిమిదింటికి మొదలుపెడతావట. ఎవరిని అడిగి పెట్టావమ్మా? అది అడవి అంచు ఊరు. మే నెలంటే అక్కడ తునికాకు కాలం. ఇంటిల్లిపాదీ తెల్లవారకముందే ఆకుకు పోతారు, పిల్లలు కూడా. తెచ్చిన ఆకును యాభై చొప్పున కట్టలు కట్టి కల్లానికి చేర్చేసరికి పొద్దెక్కుతుంది. ఆ డబ్బులతోనే వాళ్లకు జూన్‌లో నోటు పుస్తకాలు, విత్తనాలు. ఎనిమిదింటికి గంట కొడితే నీకు పాస్టరుగారి పిల్లలు తప్ప ఎవరూ రారు. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర వరకు పెట్టుకో. ఎండా తగ్గుతుంది, చీకటి పడకముందే ఆడపిల్లలు ఇళ్లకు చేరతారు. కుండల్లో నీళ్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, నీడ చూసుకో. ఏ పిల్లతోనూ ఏ పెద్దవాళ్లూ ఒంటరిగా గదిలో ఉండకూడదు, తలుపు తీసే ఉండాలి. పిల్లల ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. ఇవన్నీ నీకు తెలిసినవే.

నీకు తెలియనిది ఒకటి ఉంది. మీ నాన్నకు కూడా పూర్తిగా చెప్పలేదు.

అది 1994. నాకు అప్పుడు ఇరవై ఆరేళ్లు. పరకాల దగ్గర ఒక ఊళ్లో వీబీఎస్ పెట్టాం. నాలుగో తరగతి పూర్తయిన ఒక పిల్ల, మన సంఘం వాళ్ల అమ్మాయి చెయ్యి పట్టుకుని వచ్చేది. వాళ్లు విశ్వాసుల కుటుంబం కాదు. తండ్రి నేత పని, తల్లి పొలం కూలి. ఆ పిల్ల ఒక్క పుస్తకం లేకుండా, విని విని పది కంఠత వాక్యాలూ నేర్చుకుంది. ఆఖరి రోజు అప్పజెప్పమంటే కళ్లు మూసుకుని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. నాకెంత సంతోషమైందంటే, నా జీతంతో కొన్న బైబిలు, నల్ల అట్ట, ఎర్ర అంచులది, మొదటి పేజీలో దాని పేరు రాసి చేతిలో పెట్టాను. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. "ఇంట్లో ఏమన్నా అంటారేమో, దాచుకుని చదువుకో" అన్నాను.

నేను చేసిన తప్పు ఆ మాటలోనే ఉంది బిడ్డా.

ఆ పిల్ల ఆ బైబిలును వడ్ల గుమ్మిలో దాచింది. తల్లి కూలికి పోయాక తీసి చదివేది, వచ్చే వేళకు మళ్లీ వడ్లలో పూడ్చేది. వానలు పడ్డాక విత్తనానికి వడ్లు తీస్తుంటే తల్లి చేతికి తగిలింది. ఆ ఆదివారం ఆరాధన అయ్యి బయటికి వస్తే, వేపచెట్టు కింద తల్లీబిడ్డలు నిలబడి ఉన్నారు. ఉతికిన తువ్వాలలో చుట్టిన బైబిలు ఆమె చేతిలో ఉంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "పుస్తకమిచ్చినవని కోపం లేదు టీచరమ్మా. నా బిడ్డ ఇన్నేండ్లల్ల నా దగ్గర ఏదీ దాయలే. దాచుడు నువ్వు నేర్పినవ్. ఇది పుట్టినప్పుడు బతుకదంటే మేడారంల సమ్మక్కకు దీని ఎత్తు బంగారం, గదే బెల్లం, మొక్కి కాపాడుకున్న. నన్నొక్క మాట అడగకపోతివి" అంది.

పిల్ల తల్లి కొంగు పట్టుకుని నేల చూస్తూ నిలబడింది. నా నోటి దగ్గర చాలా జవాబులు ఉన్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు. "తప్పయింది" అన్న మాట కూడా రాలేదు. నెల తర్వాత ధైర్యం చేసి వాళ్ల ఇంటికి వెళ్తే తాళం వేసి ఉంది. పవర్‌లూమ్ పనికి సూరత్ పోయారన్నారు పక్కింటివాళ్లు. ఆ రోజుల్లో ఆ వైపు నేత కుటుంబాలు ఎన్నో అలాగే పోయాయి.

ఆ బైబిలు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. మొదటి పేజీలో నా అక్షరాలతో ఉన్న దాని పేరు కింద, అది పెన్సిల్‌తో వాళ్ల అమ్మ పేరు, నాయిన పేరు, తమ్ముడి పేరు రాసుకుంది. నేను దాచమన్న పుస్తకంలో అది ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టింది. ఆ పేజీ చూసినప్పుడల్లా ప్రార్థన చేస్తాను. ఇప్పుడు దానికి నలభై దాటి ఉంటుంది.

తర్వాత ఎప్పుడో మార్కు సువార్త ఐదో అధ్యాయం చదువుతుంటే, అంతకుముందు ఎన్నోసార్లు చదివీ గమనించని సంగతి ఒకటి కనిపించింది. యాయీరు అనే ఆయన కూతురు చనిపోయిందని ఇంటి నిండా ఏడుపులు. ప్రభువు అందరినీ బయటికి పంపి, ఆ పిల్ల తల్లిదండ్రులను వెంటబెట్టుకుని లోపలికి వెళ్లాడు. బతికించిన తర్వాత ఆయన చెప్పిన మాట, ఆ పిల్లకు తినడానికి ఏమైనా పెట్టమని. పన్నెండేళ్ల పిల్ల. నీ క్యాంపులో సగం మంది ఆ వయసు వాళ్లే. తల్లిదండ్రులను పక్కనే ఉంచుకోవడం, పిల్లల ఆకలి చూడటం రెండూ ఆయనే చేసి చూపించాడు. నువ్వూ అలాగే చెయ్యి. మొదటి రెండు రోజులు పాఠం చెప్పకపోయినా ఫరవాలేదు, గడప గడపకూ తిరుగు. "యేసు ప్రభువు కథలు చెప్తాం, పాటలు నేర్పిస్తాం, మీ పిల్లను పంపుతారా, పుస్తకం ఇవ్వమంటారా" అని దాపరికం లేకుండా అడుగు. వద్దంటే నమస్కారం పెట్టి రా. మన విశ్వాసాన్ని నలుగురికీ చెప్పుకునే హక్కు రాజ్యాంగం 25వ అధికరణంలో ఉంది. ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న బడుల్లో మైనర్ పిల్లలను సంరక్షకుల అనుమతి లేకుండా మత బోధలో కూర్చోబెట్టకూడదని 28వ అధికరణంలో ఉంది. నీది బడి కాదు. అయినా సోషల్ టీచర్‌గా ఆ రెండూ నేను పక్కపక్కనే చెప్పేదాన్ని. ఆ గుమ్మి గుర్తొచ్చి రెండో దాని దగ్గర గొంతు కాస్త పెంచేదాన్ని.

పిల్లల ముందు వాళ్ల ఇంటి దేవుళ్లను ఒక్క మాట అనకు. నీతో వచ్చే కుర్రాళ్లకు ఇది గట్టిగా చెప్పు, వాళ్లకు ఉడుకు రక్తం. నరకం బొమ్మల చార్టు వద్దే వద్దు. భయపడి చేతులెత్తిన పిల్లలను లెక్కపెట్టి రిపోర్టులో రాయకండి. పిల్లలు మనల్ని సంతోషపెట్టడానికి దేనికైనా చేతులెత్తుతారు.

పుస్తకాలు ఇచ్చేటప్పుడు అరవై ఆరు పుస్తకాల బైబిలు ఒకేసారి చేతికివ్వకు. అక్షరం సన్నం, భాష గ్రాంథికం, పిల్లలు రెండు పేజీలకే అలసిపోతారు. మార్కు సువార్త విడిగా దొరుకుతుంది. పదహారు అధ్యాయాలే, నాలుగు సువార్తల్లోనూ చిన్నది. వాక్యం ఒకసారి నువ్వు చదివి, తర్వాత మన మాటల్లో చెప్పు. "యెహోవా నా కాపరి" అనే కీర్తన చెప్పే రోజు గొర్రెలు కాసే కురుమ వాళ్ల పిల్లలు ఉంటే ముందుకు పిలువు. కుంటే గొర్రెపిల్లను వాళ్ల తాత ఏం చేస్తాడో అడుగు. గొంగడిలో వేసుకుని భుజాన మోస్తాడని వాళ్లే చెప్తారు. ఆ తర్వాత నువ్వు చెప్పాల్సింది పెద్దగా ఉండదు.

నలభై మార్కు సువార్తలు కొని ఉంచాను. పాత క్యాలెండర్ల కాగితంతో అన్నిటికీ అట్టలు వేశాను. పేరు రాసే చోటు ఖాళీగానే వదిలాను, పిల్లలనే రాసుకోనివ్వు. శనివారం మీ నాన్న వస్తే వాటితోపాటు గొడుగు, రెండు కుండలు, మామిడికాయలు పంపుతాను. ఎండలో చెవులకు గుడ్డ కట్టుకోకుండా తిరగకు, నీకు చిన్నప్పటి నుంచీ ఆ అశ్రద్ధ ఉంది.

ఊరికి చేరిన రోజే, సంచి కూడా దించకముందు, ఆ బావి చూసి నాకు ఫోన్ చెయ్యి.

మీ అత్తమ్మ